గోపాల్‌పూర్ పెద్ద హోటల్లో ఒక రాత్రి: చైనా భోజనం, తైలం, 672 రూపాయల తగువు

ఒడిశా బరంపురంలో పుట్టి పెరిగిన మాకు గోపాల్‌పూర్ సముద్రతీరం పెరటి కిందే లెక్క. పదహారు కిలోమీటర్లు. చిన్నప్పుడు నాన్న బస్సులో తీసుకెళ్లేవారు. ఇసుకలో కూర్చుని బండి మీద వేయించిన చేప తిని, చీకటి పడకముందే ఇంటికి వచ్చేసేవాళ్లం. ఒడ్డునే ఉన్న పెద్ద హోటల్ ప్రహరీ పక్కనుంచి ఎన్నిసార్లు నడిచామో చెప్పలేను. ఒక్కసారి కూడా లోపల కాలు పెట్టలేదు.

ఈ సంక్రాంతి వెళ్లిన వారానికి అమ్మకి డెబ్బై రెండు నిండాయి. తమ్ముడు పట్టుచీర కొందామన్నాడు. అమ్మ పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టిన మనిషి. ఆమె చేతుల మీదుగా వెళ్లిన బరంపురం పట్టు ఎన్ని పెళ్లిళ్లు చూసిందో లెక్కలేదు. చీర వద్దు, ఒక్క రోజు అమ్మకి ఇంకెవరైనా పని చేసిపెట్టాలి అన్నాను నేను. అలా అమ్మ, నేను, నా మరదలు, ముగ్గురు ఆడవాళ్లం బుధవారం మధ్యాహ్నం బయల్దేరాం. శనాదివారాల కంటే వారం మధ్యలో గది తక్కువకి దొరుకుతుంది. హోటల్ పేరు రాయను. అక్కడ జరిగింది మొత్తం రాస్తున్నాను కాబట్టి, పేరు లేకపోవడమే మర్యాద.

టాక్సీ 700. గది 9,500, అదనపు మంచం 1,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,980. మొత్తం 12,980, మర్నాడు పొద్దున్న టిఫిను కలిపి. గది అద్దె రోజుకి 7,500 దాటితే 18 శాతం పన్ను. దాటకపోతే 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే. బుక్ చేసేముందు ఈ గీత ఎక్కడుందో చూసుకోండి. 7,400 గదికీ 7,600 గదికీ చేతిలోంచి పోయే తేడా రెండు వందలు కాదు, పన్నుతో కలిపి దాదాపు పన్నెండు వందలు.

రిసెప్షన్‌లో అమ్మాయి మా నూలు చీరలు చూసి, "డే విజిట్‌కా మేడమ్?" అని ఇంగ్లిషులో అడిగింది. బుకింగ్ చూపించాక నవ్వి కూర్చోమంది. నాకు చివుక్కుమంది. అమ్మకి అర్థం కాలేదు, ఆమె అద్దంలోంచి సముద్రం చూస్తోంది.

స్పా సాయంత్రం నాలుగింటికి. నేను, మరదలు అభ్యంగనం తీసుకున్నాం, 60 నిమిషాలు, ఒక్కొక్కరికి 3,500. అమ్మకి పాదాలు, మోకాళ్ల వరకు 30 నిమిషాల మాలిష్, 1,800. పన్నుతో 9,240 అయింది. నూనె ఎంచుకునే దగ్గర జాగ్రత్త. మూడు సీసాలు వాసన చూపించి "ఏది కావాలి?" అంటారు. అందులో రెండింటికి ఎనిమిది వందలు అదనం, ఆ మాట మనం అడిగితేనే చెప్తారు. మేము అడిగాం, మామూలు నువ్వుల నూనె తీసుకున్నాం. ముందుగా ఒక ఫారం ఇచ్చి బీపీ, షుగర్, ఆపరేషన్లు అన్నీ రాయించుకున్నారు. అమ్మకి బీపీ ఉందని రాయగానే ఆవిరి గది వద్దని వాళ్లే చెప్పారు. అది నాకు నచ్చింది. డబ్బు వస్తుంది కదా అని అందరినీ ఆవిరిలో కూర్చోబెట్టే చోట్లు నేను చూశాను.

అమ్మ పాదాలు చూసిన అమ్మాయిది మిజోరం. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. ఇత్తడి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు, కల్లుప్పు, నాలుగు నిమ్మ చెక్కలు వేసి నేల మీద కూర్చుంది. అమ్మ కాళ్లు వెనక్కి లాగేసుకుంది. "నా కాళ్లు పట్టుకోడం ఏటమ్మా, పాపం తగుల్తది, వద్దు" అంది. ఆ అమ్మాయికి తెలుగు రాదు, అమ్మకి తెలుగు, ఒడియా తప్ప వేరే రాదు. నేను హిందీలో చెప్పబోయాను. ఆ పిల్ల ఆగమని చెయ్యి చూపించి, ముందు తన అరచెయ్యి నీళ్లలో ముంచి, తడి చేత్తో అమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మ వేళ్ల చివర్లు ఏళ్లతరబడి పట్టు దారం కోసి కోసి గట్టిపడి ఉంటాయి. చూపుడువేలి మీద ఒక సన్నని గాడి, దారం నడిచిన దారి. ఆ పిల్ల ఆ గాడి మీద బొటనవేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. అమ్మ ఇంక కాళ్లు లాక్కోలేదు. పది నిమిషాల్లో కుర్చీలోనే నిద్రపోయింది, నోరు కొంచెం తెరుచుకుని. ముప్పై నిమిషాలయ్యాక కూడా లేపకుండా ఆ అమ్మాయి ఇంకో పావుగంట అలాగే తువ్వాలు కప్పి పక్కన కూర్చుంది. దానికి డబ్బు అడగలేదు. నేను మూడు వందలు చేతిలో పెట్టాను.

నా మాలిష్ బాగుంది, మరదలిదీ బాగుంది. ఇంతకంటే చెప్పేదేం లేదు. ఒక్కటే, భోంచేసిన వెంటనే వెళ్లకండి. కనీసం రెండు గంటలు ఆగి వెళ్లండి.

ఇక భోజనం. దీని గురించి రాయాలనే కూర్చున్నాను.

మాకు తెలిసిన చైనా తిండి అంటే బరంపురం బజారు బండి మీద 60 రూపాయల చౌమిన్, ఎర్రగా మెరిసే గోబీ మంచూరియా. మరదలికి మంచూరియా ప్రాణం. మెనూ రెండుసార్లు తిరగేసి, "మంచూరియానే లేదేంటి వదినా, ఇదేం చైనా హోటల్" అని ముఖం మాడ్చుకుంది. ఆ మాట విని వంట మాస్టారే బయటికి వచ్చాడు. కాలింపాంగ్ కుర్రాడు, పని నేర్చుకున్నది కలకత్తా టాంగ్రాలో. అది తోళ్ల పని చేసే హక్కా చైనీయులు స్థిరపడ్డ పేట. మంచూరియా చైనాలో దొరకదని అతను చెప్పాడు. అది నిజమే. 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో, కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి పోపులో సోయా సాస్ పోసి చేసిన వంటకం అది. "ఈ రాత్రికి అది వదిలేయండి, నేను పెట్టింది తినండి, నచ్చకపోతే చెప్పండి" అన్నాడు. మరదలు ఒప్పుకుంది, అయిష్టంగానే.

ముందు వచ్చింది రొయ్యల డిమ్‌సమ్. వెదురు బుట్ట మూత తియ్యగానే ఆవిరి, ఆవిరి తగ్గాక నాలుగు తెల్లటి ముద్దలు. పై పొర అద్దంలా ఉంది, లోపల రొయ్య గులాబీ రంగు బయటికి కనిపిస్తోంది. ఆ పిండి మనం పూరీకి కలిపే గోధుమపిండి కాదు. జిగురు తీసేసిన గోధుమ గంజిపిండి, అందులో కర్రపెండలం పిండి. అందుకే ఉడికాక పారదర్శకంగా అవుతుంది, చల్లారితే రబ్బరులా బిగుసుకుంటుంది. కాబట్టి ఫోటోలు తర్వాత, ముందు తినండి. అమ్మ తినలేదు. ఒకదాన్ని పళ్లెంలో పెట్టుకుని, కళ్లజోడు సరిచేసుకుని, అంచు మడతలు లెక్కపెట్టింది. "పదకొండు," అంది. రెండోది తీసుకుంది. "ఇదీ పదకొండే. చెయ్యి తిరిగినోడే, కుంభం అంచు నేసినట్టే ఉన్నాది." మా పట్టుచీర అంచులో గుడి శిఖరాల్లా వరసగా నడిచేదే కుంభం. అమ్మ ఎవరి పనినైనా దానితో పోల్చిందంటే అంతకంటే పెద్ద మెప్పు లేదు. నేను ఆ మాట మాస్టారుకి హిందీలో చెప్పాను. అతను రెండు చేతులూ జోడించాడు. రొయ్య కొరికితే పటుక్కుమంది, వెనకాల కొంచెం నువ్వుల నూనె వాసన, అంతే. కారం లేదు, మసాలా లేదు, రొయ్య తీపి ఒక్కటే. ఇంకో బుట్ట తెప్పించుకున్నాం. బుట్ట 550.

తర్వాత చందువ చేప. మసాలా పట్టించకుండా, అల్లం చీలికలు వేసి ఆవిరి మీద ఉడికించి, బల్ల దగ్గరికి తెచ్చాక ఉల్లికాడలు పరిచి, వాటి మీద సలసల కాగే నూనె పోశారు. ఛుయ్యిమన్న చప్పుడుకి పక్క బల్లల వాళ్లు తలలు తిప్పి చూశారు. కింద పల్చటి సోయా. 1,450 రూపాయలు, బజారు చేప ధరతో పోల్చకూడదు. గోపాల్‌పూర్ చేపనే నేను వేపుడులోనూ పులుసులోనూ ఎన్నేళ్లు తిన్నానో, కానీ చేప మాంసానికి ఇంత పాల లాంటి రుచి ఉందని ఆ రాత్రే తెలిసింది. మరదలు అప్పటిదాకా మంచూరియా దిగులులో ఉన్న మనిషి, ముల్లు దగ్గర మిగిలింది కూడా వేళ్లతో తీసుకుని తింది.

టోఫు, అంటే సోయా పాలతో చేసే పనీర్ లాంటిది, దాని కూర ఒకటి వచ్చింది, మామూలుగా అందులో మాంసం కైమా వేస్తారట, మాకు పుట్టగొడుగులతో చేయించుకున్నాం. అందులో సిచువాన్ మిరియం. పేరే మిరియం, అది మన మిరియమూ కాదు, మిరపకాయా కాదు. కొంకణం వాళ్లు చేపల కూరలో వేసే తిర్ఫల్‌కి దగ్గర చుట్టం. నాలుక తిమ్మిరెక్కి, పెదవుల మీద చీమలు పాకినట్టు ఉంటుంది. అమ్మ కంగారుపడి నీళ్లు తాగింది. ముసలివాళ్లు ఉంటే తక్కువ వెయ్యమని ముందే చెప్పండి. తామరతూడు వేపుడు తియ్యగా ఉంది, నాకు నచ్చలేదు. వెల్లుల్లి మాడ్చి కలిపిన అన్నం బాగుంది.

మల్లెపూల టీ తాగుతూ అమ్మ తాతగారి సంగతి ఎత్తింది. రెండో ప్రపంచ యుద్ధం దాకా ఈ గోపాల్‌పూర్ నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచేవి. అమ్మ తాత ఇక్కడే ఓడెక్కి, రంగూన్ రేవులో బస్తాలు మోసి, యుద్ధం ముందే తిరిగొచ్చాడు. "చీనావోళ్ల కొట్లో గిన్నెడు సేమ్యా, మీద చేప ముక్క, పైన కాగిన నూని పోసి ఇస్తారే అని చెప్పేవోడు. మేం నవ్వేవోళ్లం, చేప మీద నూని పోయడమేటని," అంది. ఖాళీ అయిన చందువ పళ్లెం వైపు చాలాసేపు చూసింది. మరదలు, నేను ఏమీ మాట్లాడలేదు.

అప్పుడు బిల్లు వచ్చింది.

భోజనం 5,700. సర్వీస్ ఛార్జ్ పది శాతం, 570. రెండూ కలిపిన దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 7,398 రూపాయల 60 పైసలు. పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం పన్ను ఉంటుందని తెలుసు, బయట మామూలు రెస్టారెంట్లో అయితే 5. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు, అది ప్రభుత్వానికి వెళ్తుంది. సర్వీస్ ఛార్జ్ అలా కాదు. మన అనుమతి లేకుండా బిల్లులో దానంతట అది పడకూడదని 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకి వెళితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనంది. ఈ సంగతి క్యాషియర్‌కి చెప్పాను. "హోటల్ పాలసీ మేడమ్, అందరూ ఇస్తారు" అన్నాడు. అందరూ ఇస్తారు అనే మాటకే నాకు కోపం వచ్చింది. మరదలు నా కొంగు లాగుతోంది. "పోనీ వదినా, ఆరొందల కోసం అందరూ చూస్తున్నారు." ఆమె ముఖం ఎర్రబడింది. అమ్మ ముఖంలో అంతకుముందు ఉన్న వెలుగు పోయింది. ఆమెకి తగువు అంటేనే భయం. సర్వీస్ ఛార్జ్, దాని మీద పన్ను కలిపి 672. ఆ డబ్బు కంటే అమ్మ ముఖమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మేనేజర్ వచ్చాడు. ఆ డబ్బు సిబ్బందికే వెళ్తుందని, తీసేస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టేనని అన్నాడు. ఆ మాట అనాల్సింది కాదు. వడ్డించిన కుర్రాడు మా పక్కనే నిలబడి ఉన్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ఫోన్లో నొక్కి, బటన్ మీద వేలు పెట్టి మేనేజర్‌కి చూపించాను. అయిదు నిమిషాల్లో కొత్త బిల్లు వచ్చింది, 6,726. అది కట్టి, 500 నోటు వడ్డించిన కుర్రాడి చేతిలోనే పెట్టాను, వంట మాస్టారుతో పంచుకొమ్మని. సర్వీస్ ఛార్జ్‌కీ ఆ నోటుకీ తేడా డెబ్బై రూపాయలు. మొదట్నుంచీ నేను ఇవ్వాలనుకున్నదే. ఎవరికి ఇవ్వాలో నేనే తేల్చుకుంటాను.

మర్నాడు పొద్దున్న టిఫినులో ఇడ్లీ గట్టిగా ఉంది, సాంబారు తియ్యగా ఉంది. తారాతారిణి కొండకి వెళ్లి దర్శనం చేసుకుని ఇంటికి వచ్చాం, అంతా సాఫీగా జరిగింది.

కొండ సంగతి పక్కన పెడితే హోటల్‌కి మొత్తం 31,146 అయింది, టాక్సీ రానూపోనూ, చేతికిచ్చిన ఎనిమిది వందలు అన్నీ కలిపి. మళ్లీ వెళ్తే గది తీసుకోను. బరంపురం వాళ్లకి, ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్లకి అక్కడ పడుకోవాల్సిన అవసరం లేదు. మధ్యాహ్నం స్పా, సాయంత్రం భోజనం, రాత్రికి ఇల్లు. బల్ల దగ్గర కూర్చోగానే, ఆర్డర్ ఇవ్వకముందే, సర్వీస్ ఛార్జ్ వెయ్యొద్దని చెప్పండి. బిల్లు వచ్చాక చెప్తే మీతో వచ్చినవాళ్ల సంతోషం పోతుంది, నేను చేసిన తప్పు అదే. టోఫు వద్దు, తామరతూడు వద్దు. డిమ్‌సమ్ మనిషికొక బుట్ట, చందువ ఒకటి, అన్నం ఒకటి. ముగ్గురికి సరిపోతుంది.

నిన్న ఆదివారం అమ్మ తమ్ముణ్ని చేపల బజారుకి పంపింది. ఇడ్లీ పాత్రలో అరిటాకు పరిచి, అల్లం వేసి చందువ పెట్టింది. ఉల్లికాడలు దొరక్క ఉల్లిపాయ సన్నగా తరిగి పరిచింది. నూనె కాగాక మమ్మల్ని అందర్నీ వంటింట్లోకి పిలిచి, దూరంగా నిలబడమని చెప్పి, పోసింది.