టాహో మంచుకి ఒక్కరోజు ట్రిప్: సెస్నా మేలా, కారు మేలా?

నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చిన మొదటి చలికాలమే మావాడు మొదలుపెట్టాడు. "ఒరేయ్, ఇంకా ఆ ఎయిటీ మీద కూచుని నడుము విరగ్గొట్టుకోవడం దేనికిరా? స్నోబోర్డులు వెనక పడేసి ఎగిరిపోదాం." ఎయిటీ అంటే టాహోకి పోయే ఐ-80 హైవే. ఇద్దరం కాలిఫోర్నియా బే ఏరియాలోని సన్నీవేల్‌లోనే ఉంటాం. ఇక్కణ్ణుంచి టాహో పక్కనున్న ఊరు ట్రకీకి రోడ్డు మీద 200 మైళ్లు పైమాటే. పాలో ఆల్టో ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా గీత గీస్తే 145 నాటికల్ మైళ్లు (మామూలు మైలు కన్నా కాస్త పెద్దవి). మ్యాప్ చూసినవాడెవడైనా విమానానికే ఓటేస్తాడు. నేనూ వేశాను. ఇప్పుడడిగితే మాత్రం "ఏ నెలలో?" అని ఎదురు ప్రశ్న వేస్తాను.

పొద్దున పూట లెక్క చూడండి. నేను నడిపే చిన్న విమానం సెస్నా 172, 110, 115 నాట్ల వేగంతో పోతుంది, అంటే గంటకి అన్ని నాటికల్ మైళ్లు. ఎక్కడం, దిగడం కలుపుకుంటే ట్రకీకి గంటన్నర. అయితే అది ప్రొపెల్లర్ తిరిగే సమయం మాత్రమే. దానికి ముందు ఎయిర్‌పోర్టు చేరాలి, వాతావరణం చూడాలి, ఆయిలూ ఇంధనమూ చూసుకోవాలి, రెక్కల మీద రాత్రి పేరుకున్న మంచుపొర ఉంటే పూర్తిగా తుడవాలి. దిగాక విమానాన్ని తాళ్లతో కట్టాలి, అక్కణ్ణుంచి నార్త్‌స్టార్ స్కీ రిసార్ట్‌కి బండి చూసుకోవాలి. ఇంట్లో ఆరింటికి బయల్దేరితే కొండపైకి మోసుకెళ్లే లిఫ్ట్ దగ్గర నిలబడేసరికి తొమ్మిదిన్నర. కారులో ఐదింటికి బయల్దేరినవాడు అప్పటికే పైనుంచి కిందికి రెండు రన్‌లు కొట్టి ఉంటాడు. అంటే పొద్దున మిగిలేది గంట నిద్ర, అంతే.

సాయంత్రం కథ వేరు. ఆదివారం నాలుగింటికి లిఫ్టులు ఆగగానే బే ఏరియా మొత్తం ఒకేసారి ఎయిటీ ఎక్కుతుంది. మూడున్నర గంటల దారి ఐదూ ఆరూ అయిపోతుంది. పైనుంచి ఆ ఎర్రలైట్ల వరసని చూస్తూ పోవడంలో ఉన్న తృప్తి చెప్పకూడదు గానీ, ఉంది. ఇంకో తమాషా ఏమిటంటే పైనా మేం పట్టుకునేది ఆ రోడ్డునే. ఇంజిన్ మొరాయిస్తే దిగడానికి ఆబర్న్, బ్లూ కాన్యన్ రన్‌వేలు రెండూ ఎయిటీ పక్కనే ఉన్నాయి.

డబ్బు సంగతి త్వరగా తేల్చేస్తాను. అద్దె విమానం ఇంధనంతో కలిపి గంటకి 200 డాలర్ల చుట్టుపక్కల. రానూపోనూ మూడు గంటలు, 600. పైలట్‌ని కదా అని మావాడిచేత మొత్తం పెట్టించడానికి వీల్లేదు. ప్రైవేట్ పైలట్ తన సమాన వాటా తాను పెట్టుకోవాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నిబంధన. కాబట్టి తలా 300. కారైతే ఇద్దరికీ కలిపి గ్యాస్ (పెట్రోలు) 70, 80 డాలర్లు. పైగా విమానాలు అద్దెకిచ్చే చాలా క్లబ్బులు కొండల్లో ఇన్‌స్ట్రక్టర్‌తో ఒకసారి తిరిగి చూపిస్తేనే ట్రకీకి విమానం ఇస్తాయి. ఆ ఖర్చు వేరు. డబ్బు ఆదా కోసం విమానం ఎక్కేవాడు ఉండడు, ఉంటే లెక్కలు రానివాడై ఉంటాడు.

అసలు చిక్కు గాలితో. సియెర్రా కొండల మీద చలికాలం గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. ట్రకీ ఉన్నది శిఖరాలకి తూర్పు పక్క, అంటే గాలి కొండ దాటి కిందికి దొర్లే వైపు. వెళ్లేటప్పుడు వెనకనుంచి తోస్తుంది కాబట్టి హాయిగానే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలికి ఎదురెళ్లాలి. శిఖరం ఇంకా ముందే ఉంటుంది, మనం మాత్రం కిందికి లాగే గాలిలో ఉంటాం. ఆ ఎత్తులో 172 నిమిషానికి మూడు, నాలుగు వందల అడుగులు ఎక్కితే గొప్ప. కిందికి దొర్లే గాలి అంతకన్నా వేగంగా దించేయగలదు. అందుకే శిఖరాల దగ్గర గాలి 25 నాట్లు దాటిందంటే చిన్న విమానం జోలికి పోవద్దని, దాటేటప్పుడు కనీసం 2,000 అడుగులు పైన ఉండమని, శిఖరం మీదికి తిన్నగా కాక ఏటవాలుగా వెళ్లమని మాకు నేర్పుతారు. ఏటవాలుగా వెళ్తే వెనక్కి తిరగడం తేలిక. కొండల మీద పప్పుగింజ ఆకారంలో కదలని మబ్బు కనిపిస్తే ఆ రోజు విమానం ఊసే వద్దు. పొద్దున 12 నాట్లున్న గాలి మధ్యాహ్నానికి 30 అవుతుంది. వెళ్లడం మన ఇష్టం, రావడం గాలి ఇష్టం.

దీనికి తోడు 172లో రెక్కలమీది మంచుని కరిగించే ఏర్పాటు లేదు. మంచు మబ్బులోకి వెళ్లకూడదు. అంటే మనకి పనికొచ్చేది తేట ఆకాశం ఉన్న రోజే. స్నోబోర్డర్‌కి కావలసినదేమో తుఫాను పడుతున్న రోజు, లేదా ఆ మర్నాటి పొద్దున. 2022–23 చలికాలంలో ట్రకీ దారిలోని కనుమ డానర్ పాస్ దగ్గర, మంచు కొలిచే స్నో ల్యాబ్‌లో 754 అంగుళాల మంచు పడింది. ఆ ఏడు మోకాలిలోతు పౌడర్‌లో, అంటే తాజా పొడిమంచులో, తేలినవాళ్లంతా దాదాపు రోడ్డు మీద వెళ్లినవాళ్లే.

రోడ్డేమీ ధర్మరాజు కాదు. చైన్ కంట్రోల్ (టైర్లకి గొలుసులు కట్టాలన్న ఆంక్ష) పెట్టారంటే ఫోర్ వీల్ డ్రైవ్, స్నో టైర్లు లేనివాళ్లు దారి పక్కన ఆగి, తడి చేతులతో చైన్లు బిగించాలి. 2024 మార్చి మొదటి వారాంతంలో వచ్చిన మంచు తుఫానుకి డానర్ సమ్మిట్ మీద ఎయిటీనే మూసేశారు. కానీ రోడ్డు మూస్తే మోటెల్లో పడుకుంటాం, తెరిస్తే వస్తాం. వెనక్కి తిరగాలా వద్దా అన్న తీర్పు మన మెడకి చుట్టుకోదు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ ముందు ఆలోచించరు. స్నోబోర్డింగ్‌లో పడితే ముందు దెబ్బ తినేది మణికట్టు. మావాడి మణికట్టు బెణికితే నేను ఎక్కించుకొస్తాను. నాది విరిగితే? కారైతే స్టీరింగ్ వాడికిస్తాను. విమానమైతే అది ట్రకీలో, మేం అద్దె కారులో, క్లబ్బు మీటరేమో నడుస్తూనే. అందుకే ఎగిరి వెళ్లిన రోజు నేను మధ్యరకం వాలుండే నీలం గుర్తు దారులు దాటను. మావాడు నల్ల వజ్రాల గుర్తున్న కష్టమైన దారుల మీంచి అరుస్తుంటాడు, "భయమేంట్రా" అని. మధ్యాహ్నం బీరు కూడా వాడికే. పైలట్‌కి చివరి గుక్కకీ విమానానికీ మధ్య ఎనిమిది గంటలు ఉండాలి.

బరువు ఇద్దరికి ఇబ్బంది లేదు. బోర్డులు సామాను తలుపులోంచి కాకుండా ముందు తలుపులోంచి తోసి, వెనక సీట్ల మీద సంచులతో సహా పట్టీలు బిగిస్తే సరిపోతుంది. మూడో మనిషి వస్తానంటే ట్యాంకు నిండా పోయకూడదు, అప్పుడు పులిహోర డబ్బా కూడా తూకంలోకి వస్తుంది.

రైలు మాటేమిటంటారా? ఎమరీవిల్ నుంచి కాలిఫోర్నియా జెఫైర్ ట్రకీకి వెళ్తుంది, దారి అద్భుతం. దిగేసరికి మధ్యాహ్నం దాటుతుంది కాబట్టి ఒక్కరోజు ట్రిప్‌కి పనికిరాదు.

నా తీర్పు నెలని బట్టి. డిసెంబరు, జనవరిలో ఐదుకి అటూ ఇటుగానే పొద్దు గుంకుతుంది. ఒంటి ఇంజిన్‌తో చీకట్లో సియెర్రా దాటను, కాబట్టి రెండున్నరకే బోర్డు విప్పాలి. దాని కోసం 300 డాలర్లా? ఆ రెండు నెలలూ, ఫిబ్రవరీ కారుకే. మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరిగాక లెక్క తిరగబడుతుంది. ఏడింటిదాకా వెలుతురు, మెత్తబడ్డ వసంతపు మంచు, ఎక్కువ రోజులు తేట ఆకాశం. అప్పుడు, ఇద్దరమే అయితే, ఆదివారమైతే, గాలి 20 నాట్ల లోపుంటే సెస్నాయే. నాలుగు దాకా ఆడి, ఐదున్నరకి ఎగిరి, ఏడింటికి పాలో ఆల్టోలో దిగొచ్చు.

అయినా ముందురోజు రాత్రి కారులో గ్యాస్ నింపి, డిక్కీలో చైన్లు వేసే పడుకుంటాను. పొద్దున్నే నాలుగున్నరకి మావాడి మెసేజ్ వస్తుంది: "రెక్కలా, గొలుసులా?" శిఖరం మీద గాలి ఎంతుందో చూసి ఒక్క మాటలో జవాబిస్తాను. గొలుసులంటే వాడు కాసేపు సణిగి, కారెక్కగానే నిద్రపోతాడు.