బుచ్చి రోడ్డు మీది సిమెంటు, స్టీలు షాపు: ఐదు నెలలు కొన్నాక రాస్తున్నా

పునాది నుంచి శ్లాబు దాకా, 2025 ఆగస్టులో మొదలుపెట్టి డిసెంబరు వరకు సరుకంతా ఒకే షాపులో తీసుకున్నా, కాబట్టి నాలుగు మాటలు రాయొచ్చనుకుంటున్నా. నెల్లూరు నుంచి బుచ్చి (బుచ్చిరెడ్డిపాళెం) వెళ్లే దారిలో ఉంటుంది. పేరు రాయను. పొగడ్తతో పాటు తిట్లూ ఉన్నాయి, పైగా ప్లాస్టరింగుకి సిమెంటు మళ్లీ అక్కడే తెచ్చుకోవాలి.

ముందు బాగున్నది చెప్తా. గుమ్మం పక్కన నల్లబోర్డు ఉంటుంది, పొద్దున తొమ్మిదికల్లా తేదీ వేసి ఆ రోజు రేట్లు సుద్దతో రాసేస్తారు, సిమెంటు బస్తా ఎంత, స్టీలు కిలో ఎంత, కోవూరు దాకా బండి బాడుగ ఎంత, అన్నీ. నేను తిరిగిన మిగతా షాపుల్లో రేటు అడిగితే ముందు మన చొక్కా చూసి, ఆ తర్వాత చెప్పేవాళ్లు. ఇక్కడ బిల్లులో కూడా సరుకు ధర వేరు, జీఎస్టీ వేరు, బాడుగ వేరు, దింపుడు కూలి వేరు. ఇదేం పెద్ద విషయమా అనుకోకండి, ఇల్లు కట్టేటప్పుడు ఖర్చు ఎందుకు పెరిగిందో తెలియాలంటే ఈ నాలుగు గీతలే దిక్కు.

సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కదా, ఆ ముందు వారం నా బిల్లులో బస్తా 300, పన్ను 84, మొత్తం 384. లెక్క ప్రకారం 354 పడాలి. ఆ వారం బోర్డు మీద 360 రాశారు. అడిగితే గుమస్తా "కంపెనీ వాళ్లే ఐదు రూపాయలు పెంచారన్నా" అని చేతులు దులుపుకున్నాడు. సరే, 30 తగ్గాల్సింది 24 తగ్గింది, కనీసం బిల్లు చూస్తే ఆ ఆరు రూపాయలు (పెంచిన ఐదు, దాని మీద పన్ను) ఎక్కడికి పోయాయో కనిపించింది. అన్నీ కలిపి ఒకే అంకె రాసే షాపులో అయితే తగ్గిందని సంబరపడి ఇంటికొచ్చేవాణ్ణి.

ఇక అసలు పేచీ, స్టీలు. మొదటి లోడులో 12 ఎంఎం రాడ్లు 40 తీసుకున్నా. వీళ్లు పట్టిక చూసి రాడ్డుకి 10.66 కిలోల చొప్పున 426 కిలోలకు బిల్లు వేశారు. మా పక్క రైసుమిల్లు కాటా మీద పెట్టిస్తే 412 చూపించింది. రాడ్డులో మోసం ఉందనుకుని మండిపోయా గానీ, మా బావమరిది ఇంజినీరు, వాడు చెప్పాడు, ఈ సైజుకి ఐఎస్ఐ ప్రమాణంలోనే 5 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారంట. అంటే రాడ్డు తప్పు కాదు, తూకం వేయకుండా పట్టిక చూసి బిల్లు రాయడం తప్పు. కిలో 58 లెక్కన 14 కిలోలకి 800 పైనే పోయాయి. గొడవపడితే డబ్బు వెనక్కి ఇవ్వలేదు, 5 కిలోల బైండింగ్ వైరు ఊరికే ఇచ్చి చల్లార్చారు. రెండో లోడు నుంచి కాటా రసీదు పెట్టారు, అదీ అడిగితేనే.

నాకు ఇది ఎందుకు అంత మండిందో చెప్పాలంటే వడ్ల సంగతి చెప్పాలి. పునాది డబ్బు ఎడగారు (రెండో పంట) వడ్లదే. సెప్టెంబరు మొదట్లో అమ్మా. అప్పటికి ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలు 2,320, అంటే 850 కిలోల పుట్టికి 19,720. నా చేతికొచ్చింది 16,000. అదీ పుట్టి 850 కాదు, తేమ ఎక్కువ ఉందని దళారి ఇంకో 20 కిలోలు అదనంగా పట్టాడు. అమ్మేటప్పుడు 20 కిలోలు ఎక్కువ పోసి, కొనేటప్పుడు 14 కిలోలు తక్కువ తెచ్చుకున్నానన్నమాట. మద్దతు ధర వచ్చుంటే పుట్టికి 51 బస్తాల సిమెంటు వచ్చేది, వచ్చింది 41.

ఈలోగా టీవీలో అక్టోబరులో టోకు ధరల సూచీ పెరుగుదల రేటు సున్నా కంటే కిందకు పడిందని ఒకటే వార్త. మా నాన్న "ధరలు తగ్గాయంటరా, బేల్దారి మేస్త్రికి చెప్పు" అన్నాడు. ఆయన అన్నదాంట్లో పాయింటుంది. ఆ సూచీలో వడ్లు, సిమెంటు, స్టీలు ఉంటాయి గానీ మేస్త్రి కూలీ, ట్రాక్టరు బాడుగ లాంటి సేవల ధరలు ఉండవు. పన్నులు కూడా కలపరు, అందుకే జీఎస్టీ తగ్గినా ఆ అంకె నేరుగా కదలదు. ఆ నెల పడింది ఎక్కువగా కూరగాయలు, పప్పుల్లాంటి తిండి సరుకుల వల్లే, అంటే పండించినవాడికి రేటు పడితేనే అక్కడ శుభవార్త. నా ఇంటి ఖర్చులో పెరిగింది ఎక్కువగా మనుషులు చేసే పనికే. ఇసుక 2024 జూలై నుంచి ఉచితమే, కానీ పెన్న నుంచి ఇంటికి అది నడిచి రాదు కదా, తవ్వి పోసినందుకు, ట్రాక్టరుకు కట్టాల్సిందే.

షాపుకి మళ్లీ వస్తే, మొంథా తుపాను వానలకి నా శ్లాబు వెనక్కి జరిగింది. 120 బస్తాలకి అడ్వాన్సు కట్టి ఉన్నా. తీరా దింపే రోజుకి బస్తా పది రూపాయలు పెరిగిందని కొత్త రేటు వేశారు. ఇదే షాపులో సెప్టెంబరులో రేటు తగ్గినప్పుడు పక్కింటాయనకి "మీరు ఆర్డరు పెట్టిన రోజు రేటే" అన్నారు. పెరిగితే దింపిన రోజు రేటు, తగ్గితే ఆర్డరు రోజు రేటు, ఇది మాత్రం బోర్డు మీద రాయరు. నేను అడ్వాన్సు రసీదు వెనక రేటు రాయించుకోలేదు, మీరు రాయించుకోండి, తేదీ, సంతకంతో.

ఇంకొకటి, మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్లకండి. బస్తాకి ఇంతని ఆయనకి ముడుతుంది, బోర్డు మీద రేటు ఉన్నా సరే మీకు ఫలానా కంపెనీదే మంచిదని అంటగడతారు. నేను ఒక్కణ్ణే వెళ్లిన రెండుసార్లూ బస్తాకి నాలుగు రూపాయలు తగ్గించారు.

సరుకు మాత్రం తాజాగా ఉంటుంది, గడ్డకట్టిన బస్తా ఒక్కటే వచ్చింది, ఫోటో పంపితే సాయంత్రానికి మార్చారు. సరుకు దింపే ముఠా కూలీలు నెమ్మదస్తులు, బస్తాలు విసరరు. దింపుడు కూలి మాత్రం రెండో అంతస్తు అయితే ఫోన్లో చెప్పినదానికి రెట్టింపు అడుగుతారు, ముందే మాట్లాడుకోండి. ఐదుకి మూడున్నర ఇస్తా. ఆ బోర్డు లేకపోతే రెండే. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాకే తెరిచి ఉంటుంది.