‘స్థానిక జాతి’ పేరుతో అమ్మే క్రేఫిష్‌లతో జాగ్రత్త: డబ్బు చెల్లించే ముందు అడుగు భాగం ఫొటో అడగండి

‘ఇది స్థానిక జాతిదే, ఒక్కదాన్నే పెంచితే పిల్లలు పెట్టదు’ అని నమ్మబలికిన అమ్మకందారు దగ్గర, పైనుంచి తీసిన ఒకే ఒక ఫొటో చూసి, మూడు సెంటీమీటర్ల క్రేఫిష్ (రొయ్యను పోలిన, పట్టకారు ముందుకాళ్లున్న మంచినీటి జీవి) పిల్లను కొన్నాను. ఆరు నెలలు ఒంటరిగా పెరిగి, చాలాసార్లు పెంకు విడిచిన ఆ జీవి తోక కింద ఒక ఉదయం మిరియాల గుత్తిలా నల్లటి గుడ్లు కనిపించాయి.

కొన్ని జాతుల ఆడ క్రేఫిష్‌లు జతకట్టాక వీర్యాన్ని చాలాకాలం దాచుకోగలవు కాబట్టి, గుడ్లను మాత్రమే చూసి జాతిని తేల్చకూడదు. కానీ నాది పసితనం నుంచీ ఒంటరిదే. పెంకు నిండా పాలరాతి చారలు, ఒంటికి తగనంత చిన్న ముందుకాళ్లు కూడా ఉండటంతో, అది మార్బుల్డ్ క్రేఫిష్ అన్న విషయంలో నాకు సందేహం మిగల్లేదు. 1990ల మధ్యలో జర్మనీ అక్వేరియం వ్యాపారంలో బయటపడిన ఈ జాతిలో మగవి లేవు; ప్రతి ఆడదీ అచ్చంగా తనలాంటి ఆడపిల్లలనే కంటుంది. మడగాస్కర్ జలాలను ఆక్రమించిన దీన్ని ఐరోపా సమాఖ్య 2016లో ఆక్రమణ జాతుల జాబితాలో చేర్చి, అమ్మకాన్నీ పెంపకాన్నీ నిషేధించింది.

స్థానిక జాతో కాదో తేల్చుకోవడానికి ఒంటి రంగును నమ్మకండి, అది తిండిని బట్టి, నీటిని బట్టి మారుతుంది. ఐరోపా స్థానిక జాతి అయిన వైట్ క్లాడ్ క్రేఫిష్ ముందుకాళ్ల అడుగు భాగం పాలిపోయిన తెలుపులో ఉంటుంది, మెడ దగ్గరి గాడి వెనుక సన్నని ముళ్లు వేలికి తగులుతాయి. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన సిగ్నల్ క్రేఫిష్‌కు అడుగు భాగం ఎర్రగా, పట్టకారులా విచ్చుకునే కీలు దగ్గర తెల్లటి లేదా నీలిపచ్చని మచ్చ ఉంటుంది, ఆ ముళ్లు ఉండవు. ఈ తేడాలేవీ పైనుంచి తీసిన ఫొటోలో సరిగా తెలియవు. కనుక ముందుకాళ్ల అడుగు ఫొటో, శాస్త్రీయ నామం రాతపూర్వకంగా ఇవ్వనివారి దగ్గర కొనవద్దు.

పొరపాటున కొన్నవారు దాన్ని చెరువులోనో కాలువలోనో వదలకండి, తొట్టి నీటిని కూడా పారబోయకండి. ఉత్తర అమెరికా జాతులు తాము చావకుండా మోసే క్రేఫిష్ ప్లేగు బూజు, స్థానిక జాతులను మొత్తంగా తుడిచిపెట్టగలదు. తొట్టికి గట్టి మూత బిగించి, మత్స్య లేదా వన్యప్రాణి శాఖకు తెలపండి.

నేను ఫిర్యాదు చేశాక ఆ అమ్మకందారు నాకు చూపిన ఫొటోనే ‘మరుగుజ్జు క్రేఫిష్’ అన్న కొత్త పేరుతో మళ్లీ అమ్మకానికి పెట్టారు.