యొర్దాను దాటడానికి ఒక పూట

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి యొర్దాను నది మీది వంతెనకి కారులో గంట ప్రయాణం. కానీ అక్కడి నుంచి అవతలి ఒడ్డుకి చేరడానికి 2019 ఫిబ్రవరిలో అమ్మకీ నాకూ ఐదు గంటలు పట్టింది. అవతల వెస్ట్ బ్యాంక్, 1967 నుంచీ ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న నేల. వంతెనకి జోర్డాన్ వాళ్లు కింగ్ హుస్సేన్ అంటారు, ఇజ్రాయెల్ వాళ్లు అలెన్బీ అంటారు, పాలస్తీనా వాళ్లు కరామా అంటారు.

అమ్మాన్‌లో పాత బజారు దగ్గర దిగాం. లాడ్జి చవకే గానీ వేడినీళ్లు రాలేదు, టిఫిను ఎనిమిదింటికి గానీ పెట్టరు. ఊళ్లోనే అబ్దలీ అనే పేట నుంచి వంతెనకి జెట్ కంపెనీ బస్సు అప్పట్లో పొద్దున ఏడింటికే. టిఫిను మీద ఆశతో బస్సు వదులుకుని టాక్సీకి రెండింతలు పోశాం. మీరు మాత్రం బస్సే ఎక్కండి. శుక్ర, శనివారాలు వంతెన అప్పట్లో తొందరగా మూసేసేవారు, ఆ రోజులు పెట్టుకోవద్దు.

జోర్డాన్ వైపు పది దినార్ల ఎగ్జిట్ ఫీజు కట్టి మళ్లీ ఇంకో బస్సెక్కాం. అందులో కూర్చోవడమే పని, ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పరు. తీరా కదిలాక అమ్మ కిటికీకి అతుక్కుపోయింది.

"ఏరా, నది ఎప్పుడొస్తుంది?"

"దాటేశామమ్మా."

ఇన్నేళ్లుగా గుడిలో పాటల్లో దాటిన యొర్దాను, మా ఊరి పంటకాలువ అంత కూడా లేదు. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

అవతల సామాన్లు దిగగానే ఎవరో లాక్కుపోయి బెల్టు మీద పడేస్తారు. బ్యాగుకి గుర్తుగా ఎర్ర రిబ్బను కట్టుకెళ్లడం మంచిదైంది. టూరిస్టుల లైను వేరు, పాలస్తీనా వాళ్ల హాలు వేరు. పిల్లల్ని చంకనేసుకుని వాళ్లు నిలబడిన తీరు చూశాక, ఇజ్రాయెల్ ఆఫీసరమ్మ నన్ను మూడుసార్లు అడిగిన 'ఎందుకొచ్చావు' పెద్ద బాధనిపించలేదు. పాస్‌పోర్టులో ముద్ర వేయరు, చిన్న చీటీ ఇస్తారు. దాన్ని తిరిగొచ్చేదాకా పారేయకండి.

అందరూ నేరుగా యెరూషలేము వ్యానెక్కేస్తారు. అమ్మకి ఓపిక లేక మేం యెరికోలో ఆగాం, అదే మేలైంది. సముద్రమట్టానికి బాగా దిగువనున్న ఊరు, ఫిబ్రవరిలోనూ వెచ్చగా ఉంది. గెస్ట్‌హౌస్ ఆవిడ అడక్కుండానే సేజ్ ఆకు వేసిన టీ ఇచ్చింది. అమ్మాన్ లాడ్జి కంటే ఖరీదే, అయినా మళ్లీ అక్కడే దిగుతాను.

జోర్డాన్ వీసా వంతెన దగ్గర ఇవ్వరు. అదే దారిన గడువులోపు తిరిగొస్తే మాత్రం పాత వీసానే చెల్లుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఇజ్రాయెల్ ఎగ్జిట్ ఫీజు తలకి మూడు వేల రూపాయల పైనే అయింది. బేత్లెహేములో ఒలీవ చెక్క సిలువల దగ్గర అమ్మ గంటసేపు బేరమాడి మిగిల్చిందంతా ఆ కౌంటర్లోనే పోయింది.