జాగ్రత్త: దరఖాస్తు పాస్‌వర్డ్ మీ చేతికివ్వని కన్సల్టెన్సీకి డబ్బు కట్టకండి

కడపలో ఒక విదేశీ విద్య కన్సల్టెన్సీ మా తమ్ముడి కెనడా దరఖాస్తును ఎలా పాడుచేసిందో అందరికీ తెలియాలని రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి తెలిస్తే చాలు, ఏ వీధిలో ఏ బోర్డు కింద కూర్చున్నా గుర్తుపట్టవచ్చు.

మొదటి ఎర పార్ట్‌టైం ఉద్యోగం. "వారానికి నలభై గంటలు చేసుకోవచ్చు పెద్దాయనా, మీరు మొదటి సెమిస్టర్ కడితే చాలు, మిగతాది అబ్బాయే సంపాదించుకుంటాడు" అని మా నాన్నకు కాగితం మీద లెక్క వేసి చూపించారు. గంటకు ఇన్ని డాలర్లు, నెలకు ఇంత, రూపాయల్లో ఇంత. ఆ లెక్కలో గది అద్దె లేదు, తిండి లేదు, చలికోటు అసలే లేదు. తరగతులు జరిగే రోజుల్లో కాలేజీ బయట వారానికి 24 గంటలకు మించి పనిచేయకూడదన్నది 2024 నవంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన. కార్మికుల కొరత వల్ల 2022 నవంబరు నుంచి 2024 ఏప్రిల్ వరకు గంటల పరిమితిని ఎత్తేసిన మాట నిజమే. ఎప్పుడో ముగిసిపోయిన ఆ వెసులుబాటునే వీళ్లు ఇంకా అమ్ముకుంటున్నారు. పరిమితి దాటితే పిల్లవాడి విద్యార్థి హోదాకే ఎసరు.

అసలు మోసం దరఖాస్తులో జరిగింది. ఆన్‌లైన్ దరఖాస్తు ఖాతాను వాళ్ల ఈమెయిలుతో తెరిచారు. పాస్‌వర్డ్ అడిగితే "మీకెందుకు ఆ తలనొప్పి, మేం చూసుకుంటాం" అన్నారు. చివరికి వీసా రాలేదని నోటిమాటగా చెప్పారు. తిరస్కరణ లేఖ మాత్రం ఇవ్వలేదు. గట్టిగా నిలదీస్తే దరఖాస్తు ప్రింటు చేతిలో పెట్టారు. అందులో మావాడు ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణంలో అకౌంటెంటుగా పనిచేస్తున్నాడట! డిగ్రీ తర్వాతి ఖాళీని పూడ్చడానికి వాళ్లే అల్లిన కథ. జీతం స్లిప్పు కూడా జతచేశారు. దాని మీది రబ్బరు స్టాంపులో ప్రొద్దుటూరు స్పెల్లింగే తప్పు. మావాడు ఆ దుకాణం గడప ఎన్నడూ తొక్కలేదు.

తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే కెనడాలో అడుగు పెట్టకుండా అయిదేళ్ల నిషేధం పడుతుంది. అది పడేది దరఖాస్తుదారు మీద. కన్సల్టెన్సీవాళ్లు తర్వాతి ఇన్‌టేక్‌కు (కొత్త ప్రవేశాల సీజనుకు) కొత్త ఫ్లెక్సీ కట్టుకుంటారు. మన ఖాతాలో డబ్బు లేకపోతే "ఫండ్స్ మేం చూపిస్తాం, వడ్డీ ఇస్తే చాలు" అని వీళ్లు చెప్పే మాటకూ ఇదే ప్రమాదం ఉంది. ఒక్క విద్యార్థి జీవన ఖర్చులకే 2025 సెప్టెంబరు నుంచి 22,895 కెనడా డాలర్లు చూపాలి. మొదటి ఏడాది ఫీజు, ప్రయాణం ఖర్చు వేరు. లేని డబ్బును ఉన్నట్టు చూపించి వెళ్లినవాడు అక్కడ ఏం తింటాడు?

కాలేజీకి కట్టిన ఫీజు సంగతీ ఆ లేఖతోనే ముడిపడి ఉంది. వీసా తిరస్కరణ లేఖ పంపితే చాలా కాలేజీలు కొంత మినహాయించుకుని మిగతాది తిరిగి ఇస్తాయి. ఆ లేఖ కన్సల్టెన్సీ ఈమెయిలులో ఉండిపోతే మీ లక్షలూ అక్కడే ఉండిపోతాయి. అందుకే పాస్‌వర్డ్ గురించి ఇంతగా చెబుతున్నాను. మళ్లీ దరఖాస్తు చేసినప్పుడు పాత తిరస్కరణను దాచకూడదు. దాస్తే అదింకో అబద్ధం అవుతుంది.

డబ్బు తీసుకుని ఒకరి తరఫున దరఖాస్తు నడపాలంటే కెనడా చట్టం ప్రకారం లైసెన్సున్న ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంటో, అక్కడి న్యాయవాదో అయి ఉండాలి. లైసెన్సున్న కన్సల్టెంట్ల జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మా దగ్గర డబ్బు తీసుకున్న మేనేజరు పేరు అందులో లేదు. అసలు దరఖాస్తు మనమే చేసుకోవచ్చు. ఫీజు 150 కెనడా డాలర్లు, వేలిముద్రలకు మరో 85. దీనికి వాళ్లు ఎంత అడుగుతున్నారో మీరే పోల్చుకోండి.

మాకిచ్చిన రసీదు మీద జీఎస్టీ నంబరు లేదు, "నాన్ రిఫండబుల్" అన్న నీలిరంగు ముద్ర మాత్రం స్పష్టంగా ఉంది. ఆ ముద్ర చూసి వెనక్కి తగ్గకండి. రసీదు, దరఖాస్తు ప్రింటు, వాట్సాప్ సంభాషణలు జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు కూడా ఉండదు. ఇలాగే నష్టపోయినవాళ్లు ఉంటే ముందు మీ ఫోనులోని వాట్సాప్ సందేశాలను వేరేచోట భద్రపరచుకోండి. గొడవ మొదలైన రోజే వాళ్లు తమ సందేశాలు చాలావరకు తుడిచేశారు.