ఇల్లు అమ్మే ముందు: బ్రోకర్ మాటా, వాల్యుయర్ రిపోర్టా?

ఇంటి ధర తేల్చడానికి బ్రోకర్‌ను అడగాలా, వాల్యుయర్‌ను (ఆస్తి విలువ కట్టే నిపుణుడు) అడగాలా? ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు ఇల్లు అమ్మేవాళ్ల సందేహమిది.

ఖర్చు: బ్రోకర్‌కు అమ్ముడయ్యాక కమిషన్, వాల్యుయర్‌కు ముందే ఫీజు.

శ్రమ: బ్రోకర్‌కు ఇల్లు చూపిస్తే చాలు. వాల్యుయర్‌కు పట్టా, దస్తావేజు, ప్లాను కావాలి. పట్టాలో కిసం (భూమి రకం) ‘ఘరబారి’ (ఇంటిస్థలం) అని ఉందో లేదో చూసుకోండి. సాగుభూమిగానే ఉంటే కొనేవారికి బ్యాంకు లోను కష్టం, ధర పడిపోతుంది.

రిస్కు: త్వరగా తెగాలని బ్రోకర్ తగ్గించి చెప్పొచ్చు. ముగ్గురిని అడగండి, చెప్పే ధర కాదు, మీ వీధిలో తెగిన ధర, డెసిమల్‌కు (435.6 చదరపు అడుగులు) ఎంతో రాబట్టండి. వాల్యుయర్ లెక్కకు ఆధారాలుంటాయి, కానీ బజారు వేగం అందదు.

ఎవరిని అడిగినా సబ్‌రిజిస్ట్రార్ బెంచ్‌మార్క్ విలువ (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టిన విలువ) చూడాల్సిందే. అది మీ అమ్మకం ధరను 10 శాతానికి మించి దాటితే ఆదాయపు పన్ను దానిమీదే.

తెలిసినవాళ్లకు త్వరగా అమ్మేటప్పుడు బ్రోకర్లు చాలు. అన్నదమ్ముల వాటాలున్నా, 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచే మీదైన ఇల్లయినా వాల్యుయర్ రిపోర్టే మేలు. ఆనాటి విలువను కొన్న ధరగా లెక్కిస్తే పన్ను తగ్గొచ్చు.