గాంధీ రోడ్డు సందులో ప్రెస్సు: నాలుగు స్టార్లే ఎందుకిచ్చానంటే

తిరుపతిలో నాలుగు కాళ్ల మండపం వైపు నుంచి గాంధీ రోడ్డులోకి వచ్చి ఒక ఇరుకు సందులో తిరిగితే, మేడ మెట్ల కింద ఉంటుంది ఈ ప్రెస్సు. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి. స్కూటీ పెట్టుకోవడానికి చోటుండదు. శనివారం అసలు వెళ్లకండి, యాత్రికుల రద్దీలో సందు మొదట్లోనే ఇరుక్కుపోతారు.

నేను 1992లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ లెక్చరర్‌గా చేరాను. ఈ మధ్యే రిటైరయ్యాను. ఇన్నేళ్లలో నా పేరుతో అచ్చయిన కాగితం ప్రతిదీ ఇక్కడిదే. ఎం.ఫిల్. థీసిస్, కాలనీ సంఘం రసీదు పుస్తకాలు, కరపత్రాలు, చివరికి రిటైర్మెంట్ ఆహ్వానం. కాబట్టి ఈ ప్రెస్సు గురించి చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు సీసం అక్షరాలు, ట్రెడిల్ మెషీను. ప్రెస్సు ఆయన అప్పుడు కుర్రాడు, అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని కంపోజింగ్ చేస్తుండేవాడు. తర్వాత కంప్యూటరు వచ్చింది, పేజీలు కట్టే పేజ్‌మేకరు, తెలుగు టైపుకి అను ఫాంట్లు వచ్చాయి. కానీ అక్షరాన్ని తిరగేసి చదవడం నేర్చుకున్న కన్ను కదా, మనకి కనపడని తప్పు ఆయనకి కనపడుతుంది. నా థీసిస్ తిరుపతి మున్సిపాలిటీ మీద. మున్సిపాలిటీ ఏర్పడింది 1886లో అని మూడో పేజీలో సరిగ్గానే రాశాను. నలభయ్యో పేజీకి అది 1896 అయింది. గైడు చూశారు, నేను నాలుగుసార్లు చదివాను, ఎవరికీ దొరకలేదు. బైండింగుకి ముందు ఆయన కాగితం పట్టుకుని, "మేడమ్, మున్సిపాలిటీ రెండుసార్లు పుట్టిందా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకే అయిదు స్టార్లు ఇవ్వచ్చు.

నేను చేరిన మరుసటి ఏడే 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పట్టణాల్లో పాలకవర్గం గడువు అయిదేళ్లు, అది ముగిసేలోగా ఎన్నిక జరిగి తీరాలి అని ఏటా బోర్డు మీద రాసేదాన్ని. 2007లో మా ఊరు కార్పొరేషన్ అయింది. ఆ కార్పొరేషన్‌కి మొదటి ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. మధ్యలో 14 ఏళ్లు. "మరి మన ఊళ్లో కార్పొరేటర్ ఎవరు మేడమ్?" అని వెనక బెంచీ పిల్లవాడు అడిగితే జవాబు లేక, ఆ సాయంత్రం ఈ ప్రెస్సుకే వెళ్లాను. ఎన్నికలు పెట్టమని అచ్చేయించిన మొదటి కరపత్రం అది. తర్వాత నీళ్ల మీద ఇంకోటి. ఊరికి నీళ్లిచ్చే కల్యాణి డ్యామ్ ఎండిపోతే తెలుగుగంగ కాలువ నీళ్లకి ఎదురుచూడాలి, రోజు విడిచి రోజు వచ్చే నీళ్లకి మా కాలనీలో తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. నా రాజకీయం అక్కడ మొదలైంది, సిద్ధాంతం నుంచి కాదు.

కాలేజీలో పెద్దాయన పిలిచి, కరపత్రం కింద కాలేజీ పేరు వేయొద్దన్నారు. తప్పు లేదు, జీతం ఇచ్చేది వాళ్లు. ప్రెస్సు ఆయనకి చెబితే క్షణం ఆలోచించి, "రాజనీతిశాస్త్ర అధ్యాపకురాలు అని వేద్దాం మా, అది మీ కాలేజీ సొత్తు కాదు కదా" అన్నాడు. అప్పటి నుంచి అదే నా బిరుదు.

ఒకసారి తూర్పు రాయలసీమ పట్టభద్రుల నియోజకవర్గంలో ఎమ్మెల్సీకి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాను. అప్పటి ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాలు. మూడు జిల్లాలు తిరగడానికి నా దగ్గర ఉన్నది ఆర్టీసీ బస్సు, ఒక చేతిసంచి. కరపత్రం వేయమంటే ఆయన ముందు ఒక ఫారం తీసి నా ముందు పెట్టాడు. వేయించేవాళ్లు సంతకం చేయాలి, వాళ్లను ఎరిగిన ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి, అచ్చయ్యాక ఒక కాపీ కలెక్టరు ఆఫీసుకి పోవాలి, కాగితం మీద ప్రెస్సు పేరు, ప్రచురించినవాళ్ల పేరు తప్పనిసరి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ. తప్పితే ఆరు నెలల వరకు జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం పాఠం చెప్పినదాన్ని నేను. సెక్షను నంబరు చెప్పింది ఆయన. "నాకు జైలు పడుద్ది మా, మీకు పాఠమే కదా" అని నవ్వాడు. పక్క వీధి ఫ్లెక్సీ షాపులో సంతకం మాట ఎత్తలేదు, అడ్వాన్సు మాత్రం అడిగారు.

ఇక ఆ ఒక్క స్టారు సంగతి. ఈ ఎన్నికలో గుర్తులుండవు. బ్యాలెట్ మీద వరుస నంబరు, పేరు, ఫోటో. అంకె వేసి ప్రాధాన్యం చెప్పాలి, మొదటి ఇష్టానికి 1, టిక్కు పెడితే ఓటు చెల్లదు, పోలింగు కేంద్రంలో ఇచ్చే వంకాయ రంగు స్కెచ్ పెన్నుతోనే వేయాలి. పట్టభద్రులే అయినా చెల్లని ఓట్లు వేలల్లో పడుతుంటాయి. అందుకని నమూనా బ్యాలెట్ వేయించాను, రెండు వేల కాపీలు. నా వరుస నంబరు 14. వచ్చిన కట్టల్లో నా పేరు పక్కన 4 ఉంది. అసలు బ్యాలెట్‌లో 4 దగ్గర ఇంకొకాయన. నా డబ్బుతో ఆయనకి ప్రచారం! పోలింగు ఇంకా రెండు రోజులు. మళ్లీ అచ్చేసే టైము లేదు, కరెంటు కూడా పోతూ వస్తూ ఉంది. ఆయన, ఆయన కొడుకు, నేను, నా పాత విద్యార్థిని ఒకమ్మాయి, నలుగురం మెట్ల కింద కూర్చుని ఒక్కో కాగితం మీద 4 ముందు పెన్నుతో 1 పెట్టాం. ఓటర్లు నాకు ఒకటి వేస్తారో లేదో గానీ, ఆ రాత్రి మేం రెండు వేల ఒకట్లు వేశాం. తెల్లారాక ఆయన మా అందరికీ ఇడ్లీలు తెప్పించాడు, బిల్లులో సగం కొట్టేశాడు.

తక్కువ ఓట్లొచ్చినవాళ్లని ఒక్కొక్కరినీ తీసేసే లెక్కింపులో మొదటి కొన్ని రౌండ్లలోనే ఎలిమినేట్ అయ్యాను. పదివేల డిపాజిట్ పోయింది. ఎవరైనా నా నంబరు 4 అనుకుని అవతలాయనకి వేశారేమో అని ప్రెస్సు ఆయన చాలాకాలం బాధపడ్డాడు. అంత సీను లేదని నేను చెప్పినా వినడు.

2021లో కార్పొరేషన్ డివిజన్లకి, అంటే వార్డులకి, ఎన్నిక వచ్చినప్పుడు నేను నిలబడలేదు, మోకాళ్లు ఒప్పుకోలేదు. ఆ రాత్రి ఒకట్లు పెట్టిన అమ్మాయి నిలబడింది. కరపత్రం రాసిచ్చి ఇక్కడికే పంపాను. ఫారం, ఇద్దరు సాక్షులు, అంతా మామూలే. ఈసారి నంబరు ఆయన మూడుసార్లు ఫోన్ చేసి అడిగాడట.

వెళ్లేవాళ్లకి: ఫ్లెక్సీలు వేయరు. పెళ్లి ముహూర్తాల నెలల్లో చెప్పిన రోజుకి ఇవ్వరు, రెండు రోజులు కలుపుకోండి. రేటు వేరేచోట కంటే కాస్త ఎక్కువే. యూనికోడ్‌లో కావాలంటే కొడుకుని అడగండి, తండ్రి ఇంకా అను దగ్గరే ఉన్నాడు. ప్రూఫు ఇచ్చినప్పుడు పేర్లు, వొత్తులు ఆయనకి వదిలేయండి, అంకెలు మాత్రం మీరు చూసుకోండి. ఆ నమూనా బ్యాలెట్ ప్రూఫు మీద "సరిచూశాను" అని సంతకం పెట్టింది నేనే.